అప్‌డేట్: బాబుని హాస్టల్ నుంచి తీసుకొచ్చేశాం

తొమ్మిదో తరగతి బాబు రెసిడెన్షియల్ స్కూల్లో ఉండలేకపోతున్నాడు, మాన్పించి ఓపెన్ స్కూల్లో టెన్త్ రాయించవచ్చా అని జూన్‌లో అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. దసరా సెలవులకి వచ్చినవాణ్ణి మళ్ళీ పంపలేదు.

తెల్లవారుజామున అయిదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి మళ్ళీ స్టడీ అవర్. ఇంటికొచ్చిన మొదటి వారం వాడు నిద్రపోతూనే ఉన్నాడు. పక్కన కూర్చుని ఏడ్చాను. ముందే తీసుకురావలసింది.

ఎన్‌ఐఓఎస్‌లో (జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డు) టెన్త్‌కి 14 ఏళ్ళు నిండాలి, వాడికి నిండాయి. అయిదు సబ్జెక్టులు చాలు, వాటిలో కనీసం ఒకటి భాష. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, పెయింటింగ్ తీసుకున్నాడు. నాకు ధైర్యమిచ్చింది ఏంటంటే, అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు పెడతారు, అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలుంటాయి. ఇంట్లో రాసిచ్చే అసైన్‌మెంట్లకి 20 శాతం మార్కులు.

మా అత్తయ్యగారు మాత్రం "వీణ్ణి ఇంటర్‌లో ఎవరు చేర్చుకుంటారమ్మా" అని రోజూ బెంగపడుతున్నారు. ఇది కేంద్ర ప్రభుత్వ బోర్డేనని చెప్తూనే ఉన్నాను.

ఇబ్బంది లేదని కాదు. తోటి పిల్లలు లేరు. సాయంత్రం షటిల్‌కి పంపుతున్నాం, కానీ పగలంతా ఒంటరే. లెక్కలు నేను చెప్పలేక, మా వీధిలో ఉండే రిటైరైన మాస్టారి దగ్గరికి పంపుతున్నాను. నిన్న అక్కణ్ణుంచి వస్తూ "అమ్మా, రేపు కూడా వెళ్ళొచ్చా?" అన్నాడు. లెక్కలకి!