నాలుగోది ‘చేర్చు’నా, ‘కూర్చు’నా?

కర్నూలు నుంచి ప్రశ్న: పాలిటెక్నిక్‌లో నెట్‌వర్క్స్ చెప్పిన సారు ఓఎస్ఐ పొరల మీద, అంటే నెట్‌వర్కు పనిని ఏడు మెట్లుగా విడగొట్టే నమూనా మీద, ఒక ఆటవెలది చదివేవారు. ఇంతవరకు గుర్తుంది:

తీగ మీద నడచు తీరెల్ల మొదటిది
పక్కవాని పేరు పలుకు రెండు
దారి వెదకి చూపి దాటించు మూడోది
నాలుగోది చేర్చు నమ్మకమ్ము

చివరి పాదంలో ‘చేర్చు’ అన్నారా, ‘కూర్చు’ అన్నారా? రెండూ గలమే (గురువు, లఘువు) కాబట్టి ఛందస్సు తేల్చదు. మిగతా మూడు పొరలకు ఇంకో పద్యం ఉండేది. అది మొత్తం పోయింది.

ప్రొద్దుటూరు మాస్టారు: ‘కూర్చు’నే. చేర్చడం మూడోదాని పని. ఒకే ఫైలు ముక్కలు కర్నూలు నుంచి కడపకు కొన్ని హైదరాబాదు మీదుగా, కొన్ని చెన్నై మీదుగా వచ్చాయనుకోండి. ముందు పోయింది వెనక రావచ్చు. వరుస నంబర్లు చూసి వాటిని కూర్చేది, రానిదాన్ని మళ్లీ పంపించుకునేది నాలుగో పొరలోని టీసీపీ. కవి తెలిసే రాశాడు.

హిందూపురం అక్క: మాస్టారూ, మూడో పొరలోని ఐపీ చేర్చేది మిషన్ దాకా. ఆ మిషన్‌లో ఏ ప్రోగ్రాముకు ఇవ్వాలో దానికేం తెలుసు? పోర్టు నంబరు చూసి సరైన చోట అప్పగించేది నాలుగోదే. 443 అయితే వెబ్ సర్వరుకు, 25 అయితే మెయిల్ సర్వరుకు. కాబట్టి ‘చేర్చు’. అయినా నమ్మకాన్ని ఎవరైనా కూరుస్తారా?

ప్రొద్దుటూరు మాస్టారు: సంతోషం కూర్చు అనడం లేదా అమ్మా?

ఆదోని తమ్ముడు: అసలు ఆ నమ్మకమ్ము యాడిది? యూడీపీ కూడా నాలుగో పొరే కదన్నా. అది దండోరా మాదిరి, విన్నోళ్లు విన్నట్టు. సైటు పేరు చెప్పి ఐపీ అడ్రసు అడిగే డీఎన్ఎస్ ప్రశ్నలు ఎక్కువగా దాని మీదనే పోతాయి.

కడప సార్: మీరంతా నాలుగో పాదం పట్టుకున్నారు. మూడో పాదంలో ‘మూడోది’ ఏమిటి? ‘మూడవది’ కదా!

కదిరి నుంచి: పెట్టి చూడండి సార్. గురువు తర్వాత మూడు లఘువులు. ఆ చోట రావాల్సిన ఇంద్రగణాల్లో ఏది అది? వేమన సమాధి ఉన్న కటారుపల్లి పక్కనే మాకు. వేమన వాడుక మాటను పద్యంలో కూర్చోబెట్టిన తీరు చూసినవాళ్లకు ‘మూడోది’ తప్పుగా కనపడదు.

కడప సార్: వేమన పేరు చెప్పి అన్నీ దాటించకండి. ఇదే కడపకు 1820లో వచ్చిన బ్రౌన్ దొర, 1829లో వేమన పద్యాలు అచ్చు వేసే ముందు ఎన్ని ప్రతులు తెప్పించి పోల్చుకున్నాడు! ఇక్కడ ఒక్క ప్రతైనా ఉందా?

కర్నూలు నుంచి ప్రశ్న: లేదండి, నోటిమాటే.

ఆదోని తమ్ముడు: తీగ మీద అంటున్నారు, వైఫై సంగతేంది మరి?

హిందూపురం అక్క: ఓఎస్ఐ ప్రమాణంగా వచ్చింది 1984లో, వైఫై ప్రమాణం 1997లో. సారువి రాగి తీగల రోజులు. వంద మీటర్లు దాటితే మధ్యలో స్విచ్చు పెట్టాల్సిందే.

ప్రొద్దుటూరు మాస్టారు: పద్యంలో నాకు నచ్చింది రెండో పాదం. ‘పక్కవాని పేరు’ అన్నాడు చూశారా, చివరివాని పేరు అనలేదు. ముక్క మీది 48 బిట్ల మ్యాక్ అడ్రసు (పక్క యంత్రం నెట్‌వర్కు కార్డు నంబరు) రౌటరు దాటినప్పుడల్లా మారుతుంది. లోపలి ఐపీ అడ్రసు, మధ్యలో అడ్రసు మార్చే నాట్ లేకపోతే, చివరిదాకా అదే. పుస్తకాల్లో దీనికి రెండు పేజీలు పడుతుంది.

కదిరి నుంచి: పోయిన పద్యం ఎటూ దొరకదు కాబట్టి సెషన్ పొరకు నేనే ఒక పాదం కట్టాను:

మాట మొదలు పెట్టి ముగియించు ఐదోది

కడప సార్: యతి తప్పింది. ‘మా’కు ‘ము’ ఎట్ల సరిపోతుంది? పైగా ‘ముగియించు ఐదోది’ అని పద్యం మధ్యలో విసంధి.

కదిరి నుంచి: అయితే ‘మాట మొదలు పెట్టి మాన్పించునైదోది’. నుగాగమం కూడా వచ్చింది, చాలునా సార్?

ఆదోని తమ్ముడు: మా వీధిలో మాన్పించేది కరెంటన్నా, ఐదోది కాదు.

ప్రొద్దుటూరు మాస్టారు: ఎన్ని చెప్పినా ‘కూర్చు’నే.