దుఃఖంలో ఉన్న మఠకన్యలకు పాస్కా నిరీక్షణను ఎలా చెప్పాలి?

పాస్కాకు, అంటే క్రీస్తు పునరుత్థాన పండుగకు, ముందు వచ్చే ఈ తపస్సుకాలంలోనే మా మఠంలో ఇద్దరు పెద్ద సిస్టర్లు కన్నుమూశారు. మరొకరు మంచం పట్టి, జపమాల పూసలు కూడా తిప్పలేని స్థితిలో ఉన్నారు. పాస్కా వారంలో ధ్యానాంశం చెప్పే బాధ్యతను నాకు అప్పగించారు. యోహాను సువార్త 20వ అధ్యాయంలో మగ్దలా మరియమ్మ కన్నీళ్ల మధ్య ప్రభువును తోటమాలి అనుకుంటుంది, పేరు పెట్టి పిలిచాకే గుర్తుపడుతుంది. ఆమె ఏడుపును ఆయన తప్పుపట్టలేదన్న విషయమే నా మనసును వదలడం లేదు. అయితే ప్రార్థనాలయంలో ఖాళీ అయిన ఆ రెండు కుర్చీల ఎదుట అల్లెలూయా అనే ఆనంద స్తుతిగీతం పాడమనడం వారి దుఃఖాన్ని తొందరపెట్టినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది. ఉత్థాన క్రీస్తు దేహంపై గాయాలు అలాగే ఉన్నాయి కదా, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చునా? ఇలాంటి వేళ మఠవాసులతో మాట్లాడిన అనుభవం ఉన్నవారు, ఏ మాటలు వారికి నిజంగా ఊరటనిచ్చాయో, ఏవి చెప్పకుండా ఉండవలసిందో దయచేసి తెలియజేయగలరు.