పెన్సిల్ స్కెచ్‌లో ఉన్న మనిషి పెయింటింగ్‌లోకి రావడం లేదు, ఏం చేయాలి?

బొమ్మలపిచ్చి
మా నాన్నమ్మ పోర్ట్రెయిట్ ఆయిల్‌లో వేస్తున్నాను. ముందు 2బి పెన్సిల్‌తో అరగంటలో ఒక స్కెచ్ గీశాను. అందులో అచ్చం ఆవిడే ఉంది. కళ్లజోడు తీస్తే ముక్కు మీద కనిపించే నొక్కులు, ఎవరైనా మాట్లాడుతుంటే కింది పెదవి లోపలికి లాక్కునే అలవాటు, అన్నీ వచ్చాయి. తీరా కాన్వాస్ మీద మూడు వారాలు కష్టపడితే పాస్‌పోర్టు ఫొటోలా బిగుసుకుపోయింది. ఎక్కడ తప్పుతోంది?

గోదారిగీత
ఒక్క స్కెచ్చేనా గీసింది? నేనైతే మనిషిని కూర్చోబెట్టి నాలుగైదు గీస్తాను. మొదటివి పోజు కోసం, అగ్గిపెట్టె సైజులో. చేతులకు విడిగా ఒక కాగితం. ముఖం చివర్లోనే. గీస్తున్నారన్న స్పృహ ఉన్నంతసేపూ ఎవరైనా బిగుసుకునే కూర్చుంటారు, ఆ టెన్షన్ పోవడానికి టైం పడుతుంది. వీలైతే రాజమండ్రి వచ్చి దామెర్ల రామారావు గ్యాలరీ చూడండి. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారాయన. అంత చిన్న వయసులో ఆ చేయి ఎంత గీసి ఉంటుందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

పాతకాగితం
గోదారిగీత గారు చెప్పింది నిజం. ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ 1832లో బెర్తాఁ అనే పత్రికాధిపతి బొమ్మ వేశారు. ఇప్పుడది లూవ్ర్‌లో ఉంది. మొదట ఆయన్ని నిలబెట్టి గీశారు, కుదరలేదు. చాలా అవస్థ పడ్డాక, ఒకరోజు బెర్తాఁ మాటల్లో పడి రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చున్న తీరు కంటపడింది. అదే పోజు ఖాయం చేశారు. ఆ వేళ్లు చూడండి, ఇప్పుడే లేచి ఏదో అనేట్టు ఉంటాడు. అంతకుముందు రోమ్‌లో, 1815లో నెపోలియన్ పాలన పడిపోయాక, పొట్టకూటికి యాత్రికుల ముఖాలు పెన్సిల్‌తో గీసిన చేయి అది. ఆయనకేమో ఆ పని ఇష్టం ఉండేది కాదు. నాకు మాత్రం ఆయన పెద్ద చారిత్రక చిత్రాలకంటే ఆ పెన్సిల్ బొమ్మలే ఎక్కువ ఇష్టం.

అట్లాంటా_అమ్మాయి
న్యూయార్క్ మెట్ మ్యూజియంలో సార్జెంట్ అనే చిత్రకారుడు వేసిన ‘మేడమ్ ఎక్స్’ అనే ఒకావిడ పోర్ట్రెయిట్ ముందు చాలాసేపు నిలబడ్డాను. 1883లో ఆవిడ కోసం ఆయన ఎన్ని స్కెచ్‌లు గీశారో! సోఫాలో వాలినట్టు ఒకటి, పక్కనుంచి ముక్కు గీత మాత్రమే పట్టుకోవాలని ఇంకొకటి. చివరికి నిలబెట్టి, ముఖం పక్కకి తిప్పించి వేశారు. స్కెచ్‌లలో వెతికిన ఆ ముక్కు గీతే పెయింటింగ్‌కి ప్రాణం.

రంగులడబ్బా
నాదొక హెచ్చరిక. స్కెచ్‌ని నేరుగా కాన్వాస్ మీద 4బితో దిద్దకండి. నేనలాగే చేసి తెల్ల చీర మీద పల్చగా రంగు వేశాను. కొన్నాళ్లకు చీరలోంచి పెన్సిల్ గీతలు పైకి తేలాయి. ఆయిల్ రంగు పాతబడేకొద్దీ కాస్త పారదర్శకమవుతుంది, గ్రాఫైట్ దాక్కోదు. తడి రంగులో కలిస్తే మురికిగా కూడా అవుతుంది. ఇప్పుడు స్కెచ్‌ని ట్రేసింగ్ పేపర్ మీదకి ఎత్తి, దాని వెనక బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ రంగు పల్చగా రుద్ది, కాన్వాస్ మీద పెట్టి గీతల వెంట నొక్కుతాను. తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను: పెయింట్ చేసేటప్పుడు నీ ఎదురుగా ఉన్నది స్కెచ్చా, ఫొటోనా?

బొమ్మలపిచ్చి
అన్నా, సరిగ్గా పట్టుకున్నావు. స్కెచ్ ఫైల్లో పెట్టేసి, ఫోన్లో తీసిన ఫొటో చూస్తూ వేశాను. ఈ ఆదివారం ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని మళ్లీ నాలుగు గీశాను. మూడోదాంట్లో తల కొంచెం ఎడమకి వాలి ఉంది. కుడి చెవి సరిగా వినపడదట, అందుకే ఎడమ చెవి ఇటు పెడుతుందట. ఇన్నేళ్లూ నేను గమనించలేదు. కాన్వాస్ గీకేశాను. మూడో స్కెచ్ ఈజిల్ పక్కనే అతికించాను.