సర్కిల్ స్కర్ట్ నడుము దగ్గర సాగిపోతోంది, ఎలా సరిచేయాలి?

ఫుల్ సర్కిల్ స్కర్ట్ కుడుతున్నాను. నడుము 28 అంగుళాలు. 6.28తో భాగిస్తే వ్యాసార్థం దాదాపు నాలుగున్నర వచ్చింది. అర అంగుళం కుట్టుకి వదలాలి కాబట్టి 4 అంగుళాల దగ్గర కత్తిరించాను. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. బట్ట మీదకొచ్చేసరికి కుట్టు గీత దగ్గర నడుము రెండు అంగుళాలు వదులు!

నిలువు పోగు, అడ్డ పోగు పడినచోట కొలత కదల్లేదు. క్రాస్‌గా పడినచోటే సాగుతోందని నా అనుమానం. పల్చటి క్రేప్ బట్ట, దీంతో వేగడం ఒక యజ్ఞం.

కత్తిరించగానే అంచు వెంబడి ఒక వరుస కుట్టు వేస్తే సాగదంటారు. ఇప్పుడు సాగిపోయాక వేస్తే ఉపయోగం ఉంటుందా? లేక పొడుగు కుట్లు వేసి, దారం లాగి, ఆ వదులంతా నడుము పట్టీలోకి సర్దేయాలా? ముడతలు కనిపిస్తాయేమోనని టెన్షన్. జిప్ పెడుతున్నాను, ఎలాస్టిక్ మాత్రం వద్దు.

ఇంకోటి. ఈసారి ఇదే బట్టతో కుడితే వ్యాసార్థం ముందే పావు అంగుళం తగ్గించుకోవచ్చా? అంతమాత్రానికే చుట్టుకొలత అంగుళంన్నర పైగా తగ్గుతుంది, మరీ బిగుతైపోతుందేమో. జారే బట్టలతో కుట్టిన అనుభవం ఉన్నవాళ్లు మీరేం చేస్తారో కాస్త చెప్పండి.