అప్‌డేట్: పెళ్లి ఫోటోలు ఉచితంగా దాచి, బంధువులతో పంచుకునే దారి దొరికింది

చెల్లి పెళ్లి ఫోటోలు ఉచితంగా ఎక్కడ పెట్టాలి, డల్లాస్‌లో ఉన్న బాబాయి వాళ్లకీ ఊళ్లో అమ్మమ్మకీ ఎలా చూపించాలి అని ఇక్కడ అడిగాను. పని అయింది. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

చివరికి కుదిరింది గూగుల్ ఫోటోస్‌లో షేర్డ్ ఆల్బమ్. అయితే "ముందు స్టోరేజ్‌ని ఏది తినేస్తోందో చూడండి" అన్న సలహాయే నన్ను గట్టెక్కించింది. 2021 జూన్ నుంచి కొత్తగా ఎక్కించే ఫోటోలు కూడా జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకే వస్తాయి కదా. నా ఖాతాలో సగానికి పైగా వాట్సాప్ బ్యాకప్పే ఉంది! ఆండ్రాయిడ్ ఫోన్లలో అది కూడా ఇప్పుడు ఇందులోకే లెక్క. బ్యాకప్‌లో వీడియోలు తీసేసి, ఫోటోలకు 'స్టోరేజ్ సేవర్' పెట్టాక అన్నీ పట్టేశాయి. పెద్ద ఫోటోలను అది 16 మెగాపిక్సెల్స్‌కి కుదిస్తుంది, ఫోన్‌లో చూడ్డానికి తేడా తెలియడం లేదు.

లింకు ఉంటే గూగుల్ ఖాతా లేనివాళ్లూ చూడగలరు, అందుకే ఇంటివాళ్లకే పంపాను. బాబాయి తీసినవి ఆయనే చేర్చారు, అవి ఆయన ఖాతాలోనే లెక్క.

ఫోటోలు పెట్టుకునే వెబ్‌సైట్ ఫ్లికర్ మాకు పనికి రాలేదు: ఉచిత ఖాతాలో మొత్తం 1000 పెట్టుకోవచ్చు గానీ, ప్రైవేట్‌గా 50 మాత్రమే. ప్రింట్‌కి కావలసిన ఒరిజినల్స్ మెగా (MEGA) అనే ఆన్‌లైన్ స్టోరేజ్ సేవలో ఉచితంగా ఇచ్చే 20 జీబీలో పెట్టాను, ఇంకో కాపీ హార్డ్ డిస్క్‌లో ఉంది.