ఐదు హెక్టార్లలోపు క్వారీ అయితే ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదా?

ప్రశ్న:
మాది హైదరాబాద్ శివారులో, రంగారెడ్డి జిల్లా పరిధిలోని ఊరు. మా గుట్టపై 4.5 హెక్టార్ల కంకర క్వారీకి పర్యావరణ అనుమతి వచ్చిందన్న సంగతి మాకు పనులు మొదలయ్యాకే తెలిసింది. సభ జరగలేదు, దండోరా కూడా వేయలేదు. చిన్న లీజు కనుక పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక గానీ ప్రజాభిప్రాయ సేకరణ గానీ అవసరం లేదన్నారు. కానీ అదే గుట్టకు అవతలి వైపు ఇప్పటికే రెండు క్వారీలు నడుస్తున్నాయి, వాటి పేలుళ్లకు మా గోడలు బీటలు వారాయి. అలాంటి చోట మూడోదాన్ని విడిగా చూసి అనుమతించవచ్చా?

సమాధానం 1:
మీకు చెప్పినది సగమే నిజం. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్, రాష్ట్ర స్థాయిలో పరిశీలించే 'బి' కేటగిరీ ప్రాజెక్టులను బి1, బి2 అని విడదీసింది. బి2 ప్రాజెక్టులకు పూర్తి నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ ఉండవు. ఐదు హెక్టార్లలోపు లీజు సాధారణంగా బి2 కిందికే వస్తుంది. అయితే, పెద్ద విస్తీర్ణాన్ని చిన్న ముక్కలుగా చూపి పరిశీలనను తప్పించుకుంటున్న తీరు 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దృష్టికి వచ్చిన తరువాతే, ఇంత చిన్న లీజులకు కూడా ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది. 2016 సవరణల ప్రకారం, ఒకే రకం ఖనిజమున్న ప్రాంతంలో ఒక లీజు హద్దుకూ మరో లీజు హద్దుకూ మధ్య 500 మీటర్లకన్నా తక్కువ దూరముంటే వాటిని కలిపి ఒకే సమూహంగా, అంటే క్లస్టర్‌గా లెక్కించాలి. 2018 సెప్టెంబరులో, పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వు దరిమిలా, క్లస్టర్ మొత్తం విస్తీర్ణం ఐదు హెక్టార్లు దాటితే నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ కావాలి. ఒక్క మెలిక ఉంది: 2013 సెప్టెంబరు 9కి ముందు మంజూరైన లీజులు ఈ లెక్కలోకి రావు. కాబట్టి పక్క క్వారీల మంజూరు తేదీలు ముందుగా తెలుసుకోండి. గుట్టకు తగిలే దెబ్బ మూడు క్వారీలదీ కలిపే కదా, విడివిడిగా కొలిస్తే అది ఏ కాగితంలోనూ కనిపించదు.

సమాధానం 2:
అనుమతి పత్రం కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది. చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనంలో అప్పీలుకు గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు మన్నిస్తారు. పాత క్వారీలకూ పర్యావరణ అనుమతి ఉంటే, వాటి యజమానులు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదికలు ఇవ్వాలి. పేలుళ్లపై విధించిన షరతులను వాటితో సరిచూడండి.

ప్రశ్న అడిగినవారు:
గనుల శాఖలో విచారించాను. ఒక లీజు 2011 నాటిది, రెండోది 2017లో రెండు హెక్టార్లకు ఇచ్చినది. దాని హద్దు కొత్త క్వారీకి మూడు వందల మీటర్లు కూడా లేదు. 2017 నాటి లీజునూ కొత్త క్వారీనీ కలిపితే 6.5 హెక్టార్లు. అనుమతి వచ్చి నేటికి 22 రోజులైంది కనుక, హద్దుల పటం నకలు తీసుకొని ఈ వారమే న్యాయవాదిని కలుస్తున్నాము.