విజయవాడ హైవేలో ఏసీసీ వేయొచ్చా, ఓఆర్ఆర్‌కే ఉంచాలా?

మూసీతీరం:
అడాప్టివ్ క్రూజ్ (ఏసీసీ), అంటే ముందు బండితో దూరం చూసుకుంటూ తనే స్పీడు పెంచి తగ్గించేది, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద ఓకే. బైకులు, ఆటోలు రావు, 120 దాకా పోనిస్తారు. కానీ విజయవాడ హైవే, అదే ఎన్‌హెచ్ 65లో అసలు వాడకూడదనే నా వాదన. అంచున ఆగిన లారీలు, డివైడర్ సందులోంచి తిరిగే ట్రాక్టర్లు, రాంగ్ రూట్ బైకులు. ఏమంటారు?

కృష్ణలంక:
అసలు వాడకూడదనడం మరీ ఎక్కువండీ. వందలో పోతుంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఏసీసీలో ముందు బండితో గ్యాప్ 1.5 సెకన్లకు పెడితే 42 మీటర్లు వదులుతుంది. కాలితో నడిపేవాళ్లలో అంత వదిలేదెవరు?

ట్యాపెట్ సౌండ్:
ఆ 42తోనే లెక్క చూద్దాం. ముందు కారు ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంది, ఎదురుగా ఆగిన లారీ. హైవే వేగంలో ఏసీసీ వేసే బ్రేకు వేగాన్ని ప్రతి సెకనులోనూ సాధారణంగా సెకనుకు 3.5 మీటర్లకు మించి తగ్గించదు. అంటే వంద నుంచి ఆగడానికి 110 మీటర్లు. ఎమర్జెన్సీ బ్రేకు పూర్తిగా పడినా పొడి రోడ్డు మీద 48 దాకా కావాలి. మీ దగ్గరున్నది 42.

పైగా లారీని గుర్తించాలి కదా. ఏసీసీ ముందు చూసేది రాడార్‌తో. దానికి సైన్‌బోర్డు, రెయిలింగ్, ఆగిన లారీ అన్నీ కదలని వస్తువులే. అన్నిటికీ బ్రేకు వేస్తే బండి నడవదు కాబట్టి చాలా సిస్టమ్‌లు వాటిని వడగడతాయి. కెమెరా కూడా ఉంటే కొంత నయం, కానీ రేడియం స్టిక్కర్ లేని ట్రాలీ రాత్రిపూట కెమెరాకూ కష్టమే. 1995లో మిత్సుబిషి డయామంటేలో లేజర్‌తో వచ్చిన ఇలాంటి సిస్టమ్ బ్రేకు జోలికే పోయేది కాదు. త్రాటిల్ తగ్గించి గేరు దించేదంతే. సౌకర్యం కోసం పుట్టిన సరుకును రక్షణ అనుకోవడం దగ్గరే తేడా కొడుతోంది.

కృష్ణలంక:
లెక్క ఒప్పుకుంటా. అందుకే గ్యాప్ సెట్టింగ్ స్క్రీన్ మీద చివరి గీత దాకా పెంచాలి, స్పీడు 80 చేయాలి. అదే బ్రేకుతో 110 కాస్తా 70 అవుతుంది.

మూసీతీరం:
గ్యాప్ పెంచితే ప్రతివాడూ దూరతాడు! దూరినప్పుడల్లా బండి బ్రేకు, వెనకవాడు హారన్.

ట్యాపెట్ సౌండ్:
హారన్ సంగతి వదిలేయండి, ఆ బ్రేకు వెనక్కి పాకుతుంది. 2008లో ప్రచురించిన జపాన్ ప్రయోగంలో 230 మీటర్ల వలయంలో 22 కార్లను మనుషులే నడిపారు. అడ్డమేమీ లేకుండానే జామ్ పుట్టింది. ఏసీసీతో ఇది పోతుందనుకున్నారు. అమ్మకానికొచ్చిన ఏసీసీ కార్లను వరుసగా నడిపి చూస్తే, ముందు బండి కాస్త తగ్గినా వెనకవి ఇంకా ఎక్కువ తగ్గాయి.

గేర్‌బాక్స్ గోల:
చిన్న చిన్నవి ఎవరూ చెప్పట్లేదు. రాడార్ ముందు బుల్ గార్డ్, ఫ్యాన్సీ నంబర్ ప్లేటు వద్దు. బంపర్‌కు పుట్టీ పెట్టి మందంగా రంగేస్తే సిగ్నల్ బలహీనపడుతుంది. ముందద్దం మారిస్తే కెమెరా క్యాలిబ్రేషన్ (సరిగ్గా చూసేలా మళ్లీ సరిచేయడం) తప్పదు. పాదం యాక్సిలరేటర్ మీద ఉంటే చాలా కార్లలో ఏసీసీ బ్రేకు వేయదు. ఈ హైవే మీది చౌటుప్పల్, చిట్యాల లాంటి ఊళ్లలో క్యాన్సిల్ కొట్టాక మళ్లీ రిజ్యూమ్ నొక్కేముందు పాత సెట్ స్పీడు చూడండి. అది 100 అయితే, ముందు ఖాళీ కనిపించగానే 40లో ఉన్న బండి వందకు లాక్కుపోతుంది.

మూసీతీరం:
సరే, పగలు, 80, పెద్ద గ్యాప్, పాదం బ్రేకు మీద సిద్ధంగా. అంతవరకైతే ఒప్పుకుంటా. రాత్రి మాత్రం వద్దే వద్దు.

కృష్ణలంక:
రాత్రి సంగతిలో మీతోనే ఉన్నా. వానలోనూ.